బందరు కొఠీలవారి సాక్ష్యము: గోలకొండ రాజ్యాధికారుల యక్రమార్జనమును గూర్చిన విచారము

మన దేశచరిత్రమును వ్రాయఁబూనిన వారికి శాసనములు, కావ్యములు, గ్రామకైఫీయతులు, పరదేశీయుల వ్రాఁతలు నను నాలుగువిధములగు సాధనములు గలవు. వీనిలో శాసనములును గావ్యములును రాజు లిచ్చిన దానములను, గెలిచిన యుద్ధములను, కట్టించిన గుళ్లను, త్రవ్వించిన చెఱువులను విస్తరించి చెప్పును. అధికారులు ప్రజలయొద్దఁ గైకొన్న ధనమును గూర్చి యవి సామాన్యముగా మౌనము వహించును. లంచ మిచ్చినవాఁడు దానిని శిలపైఁ జెక్కింపఁడు. పుచ్చుకొన్నవాఁడు తామ్రపట్టమున వ్రాయింపఁడు. సదాశివరాయల కాలమున మంగలులకుఁ బన్నులు మాన్పిన శాసనములు పెక్కు గలవు. మాన్పుటనుబట్టి యంతకుముందుఁ బన్ను గలదని యూహింపవచ్చునే కాని, దాని నే యధికారి యెట్లు వసూలుచేసెనో, యెంత సర్కారునకుఁ జేర్చెనో, యెంత తన యింట నుంచుకొనెనో యా శాసనములవలన మనకుఁ దెలియదు.

ఈ కొఱఁతను దీర్చుటకుఁ బరదేశీయుల వ్రాఁత లుపకరించును. కాని యవి యుపకరించునట్టి రీతిలోనే యొక చిక్కును గలదు. కుంఫిణీ ప్రభుత్వకాలమున వ్రాసిన యాంగ్లచరిత్రకారులు కొందఱు వీనిని జూపి, తమ యేలుబడికి ముందు దేశమంతయు దోపిడియే యనిరి. దానికిఁ బ్రతిగా మనవారిలోఁ గొందఱు ఈ వ్రాఁత లన్నియు ద్వేషమూలము లని యొక్కమాటతోఁ ద్రోసివైచిరి. ఈ రెండు పక్షములును సరికావని నా యభిప్రాయము. పాఠశాలలలోఁ జరిత్రము బోధించు పండితులు విద్యార్థులకు వీనిలో నే పక్షమును జెప్పవలయునో నిర్ణయించుకొనుటకుముందు, ఆ సాక్షు లెవ్వరు, ఏమి చూచిరి, ఏ స్థానమున నిలిచి చూచిరి యను మూఁడు ప్రశ్నములకు సమాధానము వెదకవలసియున్నది.

ఒలాందావారు 1605-06 ప్రాంతమున మచిలీపట్టణమున వర్తకము నారంభించిరి. ఆంగ్లేయుల కుంఫిణీ యోడ 1611లో నచ్చటికి వచ్చినది. ఈ రెండు కొఠీలలోఁ గాపురముండిన వారిలో మువ్వురు గోలకొండ రాజ్యమును గూర్చి వివరముగా వ్రాసిరి. వారిలో నాంటొని షోరర్ అనునతఁడు ఒలాందా వర్తకుఁడు. వేఱొకఁడును ఒలాందావాఁడే కాని తన పేరు వ్రాయలేదు. మూఁడవవాఁడు విలియం మెథ్వోల్డు. ఇతఁడు 1618 మొదలు 1622 వఱకు బందరున నాంగ్లేయ కొఠీలో నుండి, తరువాతికాలమున సూరతునందు కుంఫిణీ యధ్యక్షుఁ డయ్యెను. ఇతని వ్రాఁత 1626లో లండనున ముద్రిత మయ్యెను. ఈ మూఁడింటిని మోర్లండుదొర యొక్క సంపుటముగా సవరించి 1931లోఁ బ్రకటించెను. వీరు మువ్వురును దారినిఁ బోవు బాటసారులు కారు. కొన్నియేండ్లు బందరు వీథులలోఁ దిరిగి, సాలెవాండ్రతోను, కోమట్లతోను, సుంకరులతోను బేరసారములు నడపినవారు. కావుననే వీరి మాటకుఁ బ్రత్యేకమైన విలువ గలదు.

మెథ్వోల్డు చెప్పిన దానిలోని సారాంశ మిది. గోలకొండ సుల్తాను దేశమునంతయు గొప్పవారికి గుత్తకిచ్చును. వారు దానిని జిన్నవారికిని, చిన్నవారు గ్రామములలోని కాఁపులకును మాఱుగుత్త కిత్తురు. ఈ గుత్త బహుకాలమునకుఁ గాదు, ఒక్క సంవత్సరమునకే. ఏఁటేఁట జూలై మాసమున ప్రతి యధికారమును వేలమునకు వచ్చును. ఎవ్వఁ డెక్కువ పాడిన వానిదే యా సంవత్సరపు టేలుబడి. కావున పదవిలో నున్నవాఁడు మఱియొకఁడు తనపైఁ బాడునేమో యను భయముతో, ఉన్న కొలఁది నెలలలోనే ప్రజలను బిండి రాఁబట్టఁగలిగినంత రాఁబట్టును. శత్రుదేశమున దండు విడిసినవానికిని ఇతనికిని భేదములేదని మెథ్వోల్డు తలంచెను. కాఁపు బాకీపడెనా, వాని యాస్తి చాలనిచో వాని శరీరమే దానికి జామీను. పాఱిపోయెనా, ఆలుబిడ్డలు, తండ్రి, అన్నదమ్ములు, బంధువులు వాని యప్పునకుఁ బూఁటపడుదురు. దెబ్బలవలన మరణించిన వారును గలరు.

ఇంతవఱకుఁ జదివినవారు ఇది పేదవారికి మాత్రమే కలిగిన బాధ యని తలంపవచ్చును. కాని మెథ్వోల్డు చెప్పిన మఱియొక విషయము మిగుల గమనింపఁదగినది. బందరు నేలిన యధికారి యొకఁడు గడువునకుఁ బూర్తి మొత్తమును జెల్లింపలేకపోఁగా, వానిని బెత్తములతో వీఁపునను అరికాళ్లను కడుపునను గొట్టి చంపిరఁట. నిన్నటిదాఁక ప్రజలను గొట్టించినవాఁడు నేఁడు తానే దెబ్బలు తినెను. దీనిని బట్టి యా దోషము కేవల మొక దుష్టుని స్వభావమునఁ బుట్టినది కాదని తేటపడుచున్నది. అధికారమును వేలము వేయుటయందే దాని మూలము గలదు. పదవిని గొన్నవాఁడు గొన్న వెలను దిరిగి రాఁబట్టక మానఁడు. సంవత్సరముమాత్రమే యున్నవాఁడు చెఱువుగట్టును బాగుచేయింపఁడు, మఱుసటి యేఁటి పంటను దలఁపఁడు. లంచమును నేరముగా నెంచుటకు, న్యాయమైన రాఁబడికిని అక్రమమైన రాఁబడికిని నడుమ నొక గీఁత యుండవలయును. ఈ పద్ధతిలో నా గీఁతయే లేదు. ఉన్నది రెండే రెండు: సర్కారునకుఁ జెల్లింపవలసిన మొత్తము, ఆపై మిగిలినది.

ఇచ్చట మనవారికందఱికిఁ దెలిసిన యొక కథను జ్ఞప్తికిఁ దెచ్చుకొనవలయును. కంచర్ల గోపన్న తానీషా కాలమున పాల్వంచ పరగణాకుఁ దహశీలుదారుగా నుండి, సర్కారు సొమ్మును భద్రాద్రిరాముని యాలయమునకు వెచ్చించి, గోలకొండకోటలోఁ బండ్రెండేండ్లు చెఱనుండెనని సంప్రదాయము. మనము దీనిని భక్తికథగనే వినుచున్నాము; అట్లు వినుట తగినదే. కాని మెథ్వోల్డు వ్రాఁతను జదివిన పిమ్మట నీ కథలోని లౌకికభాగము వేఱుగఁ గన్పట్టును. సొమ్ము తక్కువపడిన తహశీలుదారుని బంధించి బాధించుట యా రాజ్యమున నసాధారణమైన క్రౌర్యము కాదు. అది నిత్యము జరుగు వ్యవహారము. మన కీర్తనకారుఁడు తిన్న దెబ్బలకును, బందరు నేలి చచ్చిన యధికారి తిన్న దెబ్బలకును గారణ మొక్కటియే. పరదేశీయుని వ్రాఁతయు మన సంప్రదాయమును ఈ విధముగా నొండొంటిని బలపఱచుచున్నవి.

వజ్రపు గనుల విషయమునను ఇదే పద్ధతి. మెథ్వోల్డు కృష్ణాతీరమునందలి గనిని స్వయముగాఁ జూచెను. ముప్పదివేలమంది యచ్చట పాటుపడుచుండిరని వ్రాసెను. ఆ గనిని స్వర్ణకారకులజుఁ డొకఁడు సంవత్సరమునకు మూఁడులక్షల వరహాలకు గుత్త పుచ్చుకొనెను. పదికారట్లకు మించిన వజ్రములన్నియు రాజువి. వెల హెచ్చినకొలఁది పెద్దరాళ్లను దాఁచవలయునను నాశ గలుగుట సహజము. కావున కావలివారు, వారిపైఁ గావలివారు నేర్పడుదురు. ఒక్కొక్క కావలివానిని సంతోషపెట్టుట యొక్కొక్క క్రొత్త వ్యయమై, ఆ వ్యయ మంతయుఁ దుదకు మన్ను త్రవ్వు కూలివాని కూలినుండియే రావలసి యుండును.

ఇఁక న్యాయవిచారణ మాట. 1652వ సంవత్సరము సెప్టెంబరులో ఫ్రెంచి రత్నవర్తకుఁడగు టావెర్నియే గండికోటకుఁ బోయి మీర్‌జుమ్లాను దర్శించెను. ఈ మీర్‌జుమ్లా యంతకుఁ బూర్వము బందరు నేలినవాఁడు, గోలకొండ రాజ్యమునకు మంత్రి, సేనాని, ఓడలు గల గొప్ప వర్తకుఁడు, వజ్రములు కుప్పలుగాఁ గూర్చినవాఁడు. అతఁడు గుడారమున నేలపైఁ గూర్చుండి, కాలివ్రేళ్లసందులలోను ఎడమచేతి వ్రేళ్లనడుమను జాబులు పెట్టుకొని, ఒక్కొక్కదానిని దీసి లేఖకులచేఁ బ్రత్యుత్తరములు వ్రాయించుచుండెనఁట. ఆ నడుమనే నలుగురు నేరగాండ్రను దెచ్చి నిలిపిరి. అతఁడు కొంతసేపు వారితో మాటాడక తన పని చూచుకొని, పిదప నేరము లొప్పించి, అప్పటికప్పుడే తీర్పు చెప్పెను. చేతులు కాళ్లు నఱికించుట మొదలగు దండనములు వెంటనే జరిగెను. నేరస్థులను జెఱసాలలలో నిలువ నుంచుట యచ్చట నాచారము కాదనియు, దోషియైనచో దండనము, కానిచో విడుదల యప్పుడే యగుననియు టావెర్నియే వ్రాసెను.

ఈ వర్ణనమును జదివినవారిలోఁ గొందఱు త్వరితమైన న్యాయమని మెచ్చుకొందురు; కొందఱు క్రౌర్యమని నిందింతురు. నాకు దోఁచునది వేఱు. పన్ను రాఁబట్టు చేయి, కత్తి పట్టు చేయి, సరకు కొను చేయి, తీర్పు వ్రాయు చేయి, నాలుగును ఒక్కనివే. దొంగకు దండన చెప్పుటలో నట్టివాఁడు నిష్పక్షపాతి కావచ్చును. దొంగవలన వానికి లాభములేదు. కాని యాతని గుమాస్తాయే సాలెవానియొద్దఁ జౌకగా బట్ట గుంజుకొనెనేని, ఆ సాలెవాఁ డెవ్వరితో మొఱపెట్టుకొనును? ఆ మొఱ యా వ్రేళ్లసందులలోనికిఁ జేరుటయే యరుదు. లంచము తినకయే న్యాయము చెడుటకు ఇది యొక మార్గము. న్యాయాధిపతి ధర్మాత్ముఁడైనను, తన వ్యవహారములకుఁ దానే తీర్పరి యైనచో ధర్మము నిలువదు.

ఇంతవఱకు సాక్షులు చెప్పినది వింటిమి. ఇప్పుడు సాక్షులనే ప్రశ్నింపవలయును. ఈ వర్తకులు గోలకొండ యధికారులయెడ నుదాసీనులు కారు; వారితో నిత్యము వ్యాజ్యెములు గలవారు. 1614లో బందరులో నున్న పీటర్ ఫ్లోరిస్ ఆంగ్లేయ కుంఫిణీకొలువులోని ఒలాందావాఁడు. బందరు నేలు నధికారి తాను గొన్న సరకునకు సొమ్మీయక జాగు చేయుచుండఁగా, ఫ్లోరిసును అతని తోడివారును ఆ యధికారి కుమారుని బట్టుకొని తమ యోడమీఁది కెక్కించుకొని పోయి, బాకీ తీర్పించుకొనిరి. అప్పు దీర్పనివాని బంధువులను బట్టుట గోలకొండవారి దురాచారమని మెథ్వోల్డు వ్రాసెను గదా! అదే బందరులో, అతనికి నాలుగేండ్లు ముందుగా, అతని కుంఫిణీవారే యా పని చేసిరి. బాకీదారుఁడు కాఁపైనను గవర్నరైనను, కొడుకును బట్టుకొనుట వసూలుకు సులభమైన యుపాయమని యిరువాగులవారును నమ్మిరి.

నజరానాల మాటయు నట్టిదే. కొఠీలవారు క్రొత్త యధికారి వచ్చిన ప్రతిసారియుఁ గానుకలు సమర్పించుచుండిరి. తమ లెక్కలలో దానిని వర్తకవ్యయముగా వ్రాసికొని, జాబులలో మాత్రము అధికారుల యాశను దూషించిరి. అబ్దుల్లా కుతుబ్‌షాహివలనఁ బొందిన ఫర్మానును ఆంగ్లేయులు బంగారు ఫర్మానని పిలుచుకొని సంతోషించిరి. కాని రాజు సుంకము తగ్గించిన కొలఁది, సుంకమును గుత్తకుఁ గొన్న స్థానికాధికారికి నష్టము. రాజాజ్ఞ యెంత బంగారమైనను, నష్టపడువాఁడు దానిని గౌరవింపక జాగుచేయుట సహజము. ఆ జాగును దీర్చుటకు మరల కానుక. ఇచ్చువాఁడు లేక పుచ్చుకొనువాఁడు లేఁడు. కొఠీలవారు దూషించిన వ్యాధికి మందును వారే, అపథ్యమును వారే.

మాదన్న పంతులవిషయమున నీ పక్షపాతము మఱింత స్పష్టము. 1674 మొదలు 1686లో హతుఁడగువఱకు గోలకొండ మంత్రిత్వము వహించిన మాదన్నను, అతని సోదరుఁ డక్కన్నను కొఠీలవారు కఠినముగా నిందించిరి. మనవారి సంప్రదాయమున నా సోదరులు ప్రజాహితులగు మంత్రులు. ఈ రెండింటిలో నేది నిజమని తొందరపడి తీర్పు చెప్పరాదు. 1686లో ఒలాందావారు తమ బాకీలకై మచిలీపట్టణమును బలిమిని బట్టుకొనిరి. ఆ తగవులో నొకపక్షమున నున్నవారు రెండవపక్షపు మంత్రిని గూర్చి వ్రాసిన మాట వాదిపత్రమే కాని, తీర్పు కాదు.

సాక్షుల యోగ్యతకు మఱియొక పరీక్ష గలదు. వారు నిందించిన యధికారమే వారి చేతికి వచ్చినప్పు డేమి చేసిరి? ఉత్తరసర్కారులు కుంఫిణీవశమైన పిమ్మట నా ప్రశ్నమునకు జవాబు దొరకినది. ఏఁటికైదు పౌనుల జీతముతో రైటరు పదవికి వచ్చిన యువకుఁడు సొంతవ్యాపారముమీఁదఁ గాక జీతముమీఁద బ్రతుకఁజాలఁడని కుంఫిణీ డైరెక్టరులకుఁ దెలియును. గోలకొండవారు పదవిని వేలము వేసిరి. వీరు పదవికిఁ జాలినంత జీత మీయకపోయిరి. ఫల మొక్కటియే. సర్కారులలోని జమీందారుల స్థితిగతులను విచారించుటకై డైరెక్టరులు సర్క్యూటు కమిటీని నియమింపుఁ డని యాజ్ఞాపింపఁగా, చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ రంబోల్డు 1778లో దానిని నిలిపివేసి, జమీందారులను దనయొద్దకే రమ్మనెను. విజయనగరపు సీతారామరాజు దివానుగిరి వ్యవహారమున గవర్నరుగారి పరివారమునకు లక్షరూపాయల వాగ్దానము జరిగెనను నారోపణ బయలుదేఱినది. డైరెక్టరులు 1781లో రంబోల్డును గొలువునుండి తొలఁగించిరి. పార్లమెంటులో నతనిపైఁ దెచ్చిన శిక్షాబిల్లు 1783లో సాగక నిలిచిపోయెను. బందరులోని యధికారి బెత్తపుదెబ్బలతోఁ జచ్చెను; చెన్నపట్టణపు గవర్నరు బిల్లు వీఁగిపోఁగా సుఖముగా నింట నుండెను. రెండు రాజ్యములకును భేద మింత!

ఇట్లు చెప్పుటచేత గోలకొండవారి దోషము చెఱిగిపోవునని నా యాశయము కాదు. కాఁపు వీఁపుపైఁ బడిన దెబ్బకుఁ గొట్టించినవాని కులముతోను మతముతోను దేశముతోను బనిలేదు. పందొమ్మిదవ శతాబ్దమునఁ జెన్నరాజధానిలో జరిగిన హింసావిచారణము దీనిని స్థాపించుచున్నది. పన్ను రాఁబట్టుటకుఁ గ్రిందియుద్యోగులు రైతులను హింసించుచున్నారని గాజుల లక్ష్మీనరసుసెట్టిగారు పెట్టిన చెన్నపట్టణ స్వదేశిసంఘమువారు 1852లోఁ బార్లమెంటునకు విన్నవించుకొనిరి. ఆ విన్నపమును నమ్మినవారు తక్కువ. 1853లో డాన్బీ సేమరను పార్లమెంటు సభ్యుఁడు వచ్చి, సెట్టిగారితోఁ గూడ జిల్లాలలోఁ దిరిగి, హింసాసాధనములను గన్నులారఁ జూచి, తిరిగిపోయి సభలోఁ జెప్పిన పిమ్మటనే 1854లో విచారణసంఘ మేర్పడెను. ఆ సంఘమునకుఁ జేరిన ఫిర్యాదులు 1,959. అరవమునఁ గిట్టి యనియు, తెలుఁగునఁ జిరత యనియుఁ బిలువఁబడు కొయ్యపట్టునఁ జేతివ్రేళ్లు నొక్కుట, మనుష్యుని వంగఁగట్టి యెండలో నిలుపుట మొదలగు హింసలు నిజమేయని 1855లో ఆ సంఘము నిర్ణయించెను. మెథ్వోల్డునకుఁ దరువాత రెండువందల యేండ్లకుఁ బైఁగా, ఆ మెథ్వోల్డు కుంఫిణీ పాలనముననే, పన్ను శరీరమునుండి వసూలగుచునే యుండెను.

ఆ నివేదికలో నొక విశేషము గలదు. దోష మంతయు దేశీయులగు క్రిందియుద్యోగులది యనియు, పైనున్న దొరలయెడఁ బ్రజలకు నమ్మకమే కలదనియు సంఘమువా రభిప్రాయపడిరి. పై జమాబందిమొత్తము దగ్గకుండవలె నని తొందరపెట్టినదెవ్వరు, ఆ మొత్తము వచ్చిన రీతి నడుగక సంతోషించినదెవ్వరు నను ప్రశ్నము వారి దృష్టికిఁ జాలినంతగా రాలేదు. పరదేశీయుని కన్ను మన యింటిమూలలోని మసిని జూచినంత నిశితముగాఁ దన చేతి మసిని జూడదు. ఇది వారికే పరిమితమైన లోపము కాదు. మనుష్యమాత్రునకుఁ గల లోపమే.

దీనివలన మూఁడు విషయములు తేలుచున్నవి. మొదటిది, పరదేశీయులు వ్యవస్థను వర్ణించిన చోటులను వ్యక్తులను దూషించిన చోటులకంటె నెక్కువగా నమ్మవచ్చును. వేలము జూలైలో జరుగుననుటలో మెథ్వోల్డునకు లాభము లేదు. మాదన్న లోభి యనుటలోఁ గొఠీవారికి లాభము గలదు. రెండవది, వారి మాటను మన సంప్రదాయముతోఁ బోల్చి చూడవలయును. గోపన్న చెఱవంటి సాక్ష్యము లభించిన చోట నది దృఢపడును. మూఁడవది, సాక్షి తాను నిందించిన పనిని జేసెనా యని యరయవలయును. చేసినచో సాక్ష్యము చెడదు కాని, దానినుండి వాఁడు తీసిన నిర్ణయము చెడును. లంచ మీ జాతి గుణమని వాఁడు వ్రాసినచో, అది యా జాతిది కాదు, ఆ గద్దెది యని మనము సవరించి చదువుకొనవలయును.

తుదకొకమాట. లక్ష్మీనరసుసెట్టిగారి సంఘము వ్రాసిన విన్నపమును, దానికిఁ దరువాత సేమరు పలికిన మాటలును జెప్పినది యొక్కటియే. మొదటిదానిని నమ్మినవారు తక్కువ; రెండవది విచారణసంఘమును దెచ్చెను. బాధపడినవాఁడు చెప్పిన సత్యమునకుఁ బరునిచేతి ముద్ర పడినఁ గాని చెల్లుబాటు లేకపోవుట యా కాలపు దౌర్భాగ్యము. చరిత్రరచనయం దా దౌర్భాగ్య మింకను మనలను వదలలేదు. కరణముల కవిలెలు, గ్రామకైఫీయతులు, చాటువులు, వీథులలో నిలిచియున్న సామెతలు మనవారి యర్జీలే. వానిని వెదకి, సరిచూచి, బందరు కొఠీలవారి వ్రాఁతల ప్రక్క నుంచినఁగాని యీ వ్యాజ్యెమునఁ దీర్పు చెప్పుటకు మనకు నధికారము లేదు.